ఎనిమిది మందికి పిలుపు

విరుదునగర్,
ఫిబ్రవరి 4

వదినకు,

క్షేమాలన్నీ నిన్న ఫోన్లో అయిపోయాయి. మా ఆయన ముత్తురామన్ పక్కనే కూర్చుని వింటున్నాడు గనక, నువ్వు ఉద్యోగం సంగతి అడిగితే "బాగుంది" అని ఊరుకున్నాను. అసలు కథ ఇందులో రాస్తున్నాను. ఈ అరవ దేశంలో మన రెండిళ్లలోనూ తెల్లారింది మొదలు తెలుగులోనే పోట్లాడుకుంటాం గానీ, తెలుగు అక్షరం చదవగలిగింది నువ్వూ నేనూ ఇద్దరమే. బళ్లో ఆ తెలుగు టీచరు దగ్గర తిన్న దెబ్బలు ఊరికే పోలేదు చూడు. ఈ ఉత్తరం నువ్వు తెరిచి గడప మీద పెట్టి పోయినా మా అన్నకు ఒక్క ముక్క అర్థం కాదు.

ఆఫీసంటే పెద్దదేమీ కాదు. బజారు వీధిలో మేడ మీద మూడు గదులు. నేత సంఘాల వాళ్లు తమ తాతల నాటి చీర అంచుల గ్రాఫ్ కాగితాలు తెచ్చిస్తారు. గడి గడికీ చేత్తో రంగు పూసినవి. వాటిని కొత్త మగ్గాలకు అర్థమయ్యే ఫైళ్లుగా మార్చడం మా పని. పెద్దాయన పేరు నల్లసామి సార్. నాతోపాటు చేరిన అమ్మాయి కార్తీశ్వరి. ఇరవై నాలుగేళ్లు, నేతవాళ్ల పిల్ల, ఇంట్లో మనలాగే తెలుగు. అంచు ఒక్కసారి చూసిందంటే కంప్యూటర్లో గడి తప్పకుండా దించేస్తుంది. చూస్తుంటే నాకు కడుపు మండుతుంది వదినా, నీ దగ్గర దాచడమెందుకు.

ఎందుకంటే ఉన్నది ఒకే పోస్టు. ఏప్రిల్ నెలాఖరు దాకా ఇద్దరినీ చూసి ఒకరిని ఉంచుకుంటారు. మా బృంద పుట్టినప్పుడు మానేసిన ఉద్యోగం నాది. తొమ్మిదేళ్ల తర్వాత ఒక ఆఫీసు నాకు కుర్చీ వేసింది. ఇది పోతే ఇంకొకరు వేస్తారన్న నమ్మకం లేదు. భయంగా ఉందని మా ఆయనతో అంటే "అట్లయితే మానేయ్ మా" అంటాడు. మంచివాడు గనకే అలా అంటాడు. అందుకే ఆయనకు చెప్పలేదు.

మొన్న సార్ స్కాన్ చేసి పెట్టిన గ్రాఫ్ కాగితాలు చూపించారు. మొత్తం రెండు వేల నాలుగు వందలు. "ఇవి ఎన్నాళ్లు పడతాయి?" అన్నారు. కార్తీశ్వరి చేత్తో అయితే రోజుకు నాలుగంది. నేను ఊరుకోవచ్చు కదా! "ఒక్క రోజు చాలు సార్" అన్నాను.

మరీ కోతలు కోయలేదులే. నేనొక స్క్రిప్టు రాశాను. స్క్రిప్టంటే కంప్యూటరు ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరుసగా రాసిన చిట్టీ అనుకో. ఒక్కో కాగితానికి ఒకటిన్నర నిమిషం పడుతుంది. ఒక్కరే చేస్తే అరవై గంటలు. నా చిట్టీ ఎనిమిది మంది పనివాళ్లను పుట్టించి, కాగితాలు తలా కొన్ని పంచుతుంది. అందరూ ఒకేసారి చేస్తారు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద నలభై కాగితాలు పెట్టి చూశాను, గంట మోగినట్టు నడిచింది. కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేరు ఇంట్లో లినక్స్, ఆఫీసులో విండోస్. ఏదైతేనేం, చిట్టీ అదేగా.

వచ్చే ఉత్తరానికి నీ మరదలు ఆఫీసులో మహారాణి అయిపోయి ఉంటుంది.

రంజని


కోవిల్‌పట్టి,
ఫిబ్రవరి 12

మహారాణి గారికి,

మీ వదిన జోతిలక్ష్మి దండాలు పెట్టి రాయునది. ఒక్క రోజు చాలు అన్నావా! నీకు నోరు ముందు, బుర్ర వెనక. నేను పెళ్లయి మీ ఇంటికి వచ్చిన కొత్తలోనే చూశాను, పదిమందికి సాంబారు నేనొక్కదాన్నే చేస్తానని గిన్నె నెత్తికెత్తుకుని, ఉప్పు వేయడం మరిచిపోయావు. ఆ పిల్ల రోజుకు నాలుగు చేస్తుందంటే నువ్వు ఆరు చేస్తానని ఊరుకుంటే సరిపోయేదిగా.

సరే, అన్నావు, ఇక చెయ్యి. నీకు బుర్ర లేదని నేను అననులే. మా ఇంట్లో నాకూ మీ అన్నకూ కలిపి ఉన్నదానికన్నా నీకు ఎక్కువే ఉంది.

మాకు విళాత్తికుళం దారిలో చేనంతా ఎర్రగా ఉంది. మిరప పండి కోతకొచ్చింది. ఈసారి ఒక చిక్కొచ్చింది. ముత్తుప్పేచ్చి మోకాలు వాచి కూర్చుంది. నీకు గుర్తుందిగా, ఇల్లిల్లూ తిరిగి కోతకు కూలి ఆళ్లను పిలుచుకొచ్చే మనిషి. పదకొండేళ్లుగా నేను చేసేదల్లా ముందురోజు పోయి ఆమెకు నాలుగు మాటలు చెప్పి రావడమే. మిగతాదంతా ఆమె చూసుకుంటుంది. ఈ ఏడు నేనే గడప గడపా ఎక్కాలి. మీ అన్న "నేను పిలుస్తాలే" అన్నాడు. మీ అన్న పిలిస్తే వచ్చేది మేకలే.

నీ ఎనిమిది మంది పనివాళ్లకు కూలీ లేదు, కాఫీ లేదు, తమలపాకు లేదు. నాకూ అలాంటివాళ్లను ఒక ఎనిమిది మందిని పంపు.

నీ వదిన


విరుదునగర్,
ఫిబ్రవరి 22

వదినా,

నవ్వకు. ఈ ఉత్తరం చదివేటప్పుడు నవ్వితే నేను నీతో ఇక మాట్లాడను.

మంగళవారం సార్ మధురై వెళ్లారు. ఆఫీసులో అన్నిటికన్నా వేగమైన మెషిన్ కార్తీశ్వరిది. ఆమె అన్నం తినడానికి కిందికి దిగింది. ఆమె వచ్చేలోపు మొదలుపెట్టి, వచ్చాక ఎనిమిది మంది పనివాళ్లూ పరిగెత్తడం చూపిద్దామని నా సరదా. స్క్రిప్టు ఆమె మెషిన్‌లో వేసి నొక్కాను.

ఎనిమిది మంది పుట్టారు. అంతవరకు బాగుంది. కానీ ఒక్క కాగితం కూడా పూర్తి కాలేదు వదినా. తెర నిండా ఎర్ర అక్షరాల తగువులు. చదివేలోపే పైకి పోతున్నాయి, కింద కొత్తవి వస్తున్నాయి. పనివాళ్లు పని ముట్టుకోకుండా చస్తున్నారు, చచ్చినవాళ్ల చోట కొత్తవాళ్లు పుడుతున్నారు. ఆపమంటే ఆగదు. మౌస్ కదలదు. లోపల ఫ్యాను ఊళ పెట్టింది. ఐదు నిమిషాలు చూశాను. ఇక చేసేది లేక పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆపేశాను.

ఆపాక గుర్తొచ్చింది. వెనకాల ఆమె గీస్తున్న నెమలి అంచు తెరిచే ఉంది. సేవ్ చేయలేదు. పొద్దున్నుంచి గీసినదంతా పోయింది.

ఆమె వచ్చింది. చీకటి తెర చూసి "ఏమాయెనక్కా?" అంది. నా నోటి నుంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "కరెంటు పోయింది."

ఎందుకన్నానో నాకే తెలియదు. అంతా నా తప్పని చెప్పడానికి నోరు తెరిచాను, కరెంటు అన్న మాట వచ్చింది. ఆమె ఒక్క క్షణం నా వంక చూసి, "సరి, మళ్లా గీస్తా" అని కూర్చుంది. సాయంత్రం దాకా మళ్లీ గీసింది. నేను పక్క కుర్చీలో ముల్లు మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

ఇంటికొచ్చి అదే స్క్రిప్టు నా ల్యాప్‌టాప్‌లో వేశాను. చక్కగా నడిచింది! ఒక్క అక్షరం తేడా లేదు. ఇక్కడ నడిచేది అక్కడ ఎందుకు చస్తుంది? నాలుగు రోజులుగా ఇదే ఆలోచన. నిన్న పప్పులో చింతపండు రెండుసార్లు వేశాను, ఆయన పెరుగు కలుపుకుని తినేశాడు.

సార్ అడుగుతున్నారు, "ఆ ఒక్క రోజు ఎప్పుడొస్తుందమ్మా?" అని.

రంజని


కోవిల్‌పట్టి,
మార్చి 2

రంజనీ,

నవ్వలేదు. ఆ కరెంటు మాట చదివి నవ్వు రాలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను, ఇప్పుడు నా మీద నువ్వు నవ్వు.

కోతకు ముందురోజు సాయంత్రం నేను బయల్దేరి ఎనిమిది ఇళ్లకు వెళ్లాను. ఎనిమిది మందిని పిలిచాను. అంతే, నేను చేసింది అంతే. పొద్దున ఆరింటికి చేని గట్టు మీద నిలబడి చూస్తే, దారంతా ఆడవాళ్లు. నెత్తిన తువ్వాళ్లు, చంకన గంపలు, తిరునాళ్లకు వచ్చినట్టు వరసగా వస్తున్నారు. లెక్కపెట్టాను. యాభై ఒక్క మంది!

ఎదురు వెళ్లి "ఏమమ్మా, ఇందరు ఎందుకొచ్చినారు?" అంటే, ముందు నిలబడ్డ ఆమె నా మీదే ఎగిరింది. "మీరే కదమ్మా సెప్తిరి! రేపు మా సేన్లో కోత, ఎనిమిది మంది కావాల, పిలుచుకోని వచ్చేయ్ అని. నేను ఎనిమిది మందిని పిలుచుకోని వచ్చినా. ఇప్పుడు వద్దంటే ఎట్ల?" ఇంకొకామె, "నాకీ అట్లనే సెప్పిరి. నాకి ఆరు మందే దొరికిరి" అంటూ తప్పు చేసినట్టు నిలబడింది.

అప్పుడు తెలిసింది నా ఘనకార్యం. పదకొండేళ్లుగా ముత్తుప్పేచ్చికి చెప్పే నాలుగు మాటలూ నోటికి పట్టుకుపోయాయి. అవే మాటలు, ఒక్కటీ తగ్గించకుండా, ఎనిమిది గడపల్లోనూ ఒప్పజెప్పాను. పిలిచే మనిషికి చెప్పాల్సింది కోసే మనుషులందరికీ చెప్పాను. వాళ్లు చెప్పినట్టు చేశారు, వాళ్లదేం తప్పు? వాళ్లు పిలిచిన వాళ్లు కూడా ఇంకో ఎనిమిదేసి మందిని పిలిచి ఉంటే ఆ వరస విళాత్తికుళం బస్టాండు దాకా పోయేది.

మన ఊళ్లో పిలిస్తే వచ్చిన ఆళ్లను ఉత్త చేతులతో పంపకూడదు. నాలుగు రోజుల కోత ఒక్క పూటలో అయిపోయింది. ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ, ఒకే సాలులో ఇద్దరిద్దరు. మీ అన్న కాఫీ కాచలేక అండా దగ్గర చతికిలబడ్డాడు. ముత్తుప్పేచ్చి కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చి, గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ కరెంటు సంగతి ఆ పిల్లకు చెప్పావా?

జోతి


విరుదునగర్,
మార్చి 8

నా బంగారు వదినా!

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే చదివి అరిచాను. పక్కన పింఛనుకు వచ్చిన పెద్దాయన హడలిపోయాడు.

అదే వదినా! నీ యాభై ఒక్క మందే నా ఎర్ర అక్షరాలు!

చెబుతాను విను. లినక్స్‌లో పనివాడు పుట్టేటప్పుడు తల్లి (నేను నడిపించిన చిట్టీయే తల్లి అనుకో) పోలికతో, తల్లికి అప్పటిదాకా తెలిసినదంతా తెలిసి పుడతాడు. తల్లి ఎక్కడ నిలబడి ఉందో అక్కడే నిలబడి పని అందుకుంటాడు. ఏమీ చెప్పక్కర్లేదు. విండోస్‌లో అలా కాదు. పుట్టినవాడికి ఏమీ తెలియదు. చేతిలో నా చిట్టీ పెట్టి, పై వరస నుంచి చదువుకో అంటుంది. నా చిట్టీలో మొదటి మాట ఏమిటి? రెండు వేల నాలుగు వందల కాగితాలూ మోసుకురా. తర్వాతి మాట? ఎనిమిది మందిని పిలువు. ఎనిమిది మందీ తలా రెండు వేల నాలుగు వందలు మోసుకొచ్చారు. మెషిన్‌లో చోటెక్కడిది? మోసుకొచ్చాక తలా ఎనిమిది మందిని పిలవబోయారు. నువ్వే ఒకరు పిలిస్తే వచ్చావు, నువ్వింకెవరిని పిలుస్తావని అక్కడ తగువు, చావు. వాడి చోట కొత్తవాడు, మళ్లీ మోత. నీలాగే పిలిచే మనిషికి చెప్పాల్సింది కోసేవాళ్లందరికీ ఒప్పజెప్పాను. లినక్స్ నా తప్పును మూడు వారాలు కప్పిపెట్టింది.

మందు ఒక్క వరస. "నిన్ను నేరుగా నేనే మొదలుపెడితే ఇక్కడి నుంచి కిందికి చదువు. పిలుపు మీద వచ్చినవాడివైతే ఇక్కడితో ఆగి, పని నేర్చుకుని నిలబడు." కాగితాలు మోసుకొచ్చే పనీ, పిలిచే పనీ ఆ వరస కిందికి దించాను. పనివాళ్లకు కాగితం పేరు మాత్రం ఇస్తాను, ఎవరిది వాళ్లు తెచ్చుకుంటారు. ఈసారి కార్తీశ్వరి తన పని ముగించి లేచాక, ఆమెను అడిగి నడిపాను.

నడిచింది! అయితే గంట తర్వాత మళ్లీ ఒక పేచీ. అయిపోయిన కాగితాల పేర్లు ఎనిమిది మందీ ఒకే ఫైల్లో రాసి, నిండిన ఫైలు పేరు మార్చి పక్కన పెడుతున్నారు. లినక్స్‌లో ఒకరు తెరిచి ఉంచినా ఇంకొకరు పేరు మార్చవచ్చు. విండోస్ ఒప్పుకోదు. ఒకరి చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదంటుంది. ఎవరి గంప వాళ్లకు ఇచ్చాను, చివరికి తల్లి అన్నీ తీసుకుని ఒకే కుప్ప పోస్తుంది.

రెండు రోజుల్లో రెండు వేల నాలుగు వందలూ అయ్యాయి. ఒక్క రోజు అన్నాను, రెండయ్యాయి, అయితేనేం. సార్ ముఖం చూడాలి! "ఇట్లాంటిది మన ఆఫీసులో ఎప్పుడూ జరగలేదమ్మా" అని రెండుసార్లు అన్నారు. ఆయన అరవంలో అంటే ఇంకా బాగుంటుంది. పోస్టు నాదే అనిపిస్తోంది వదినా. పైకి అననుగానీ అనిపిస్తోంది.

కరెంటు సంగతి చెప్పలేదు. ఇప్పుడు చెబితే అంతా పాడవుతుంది. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. సార్ మధురై నుంచి వచ్చాక, కరెంటు పోయినా బ్యాటరీ ఉండగా మెషిన్ ఎలా ఆగిందని, ఆ బ్యాటరీలు చూసే సెల్వరాజ్‌ను పిలిచి తిట్టారు. పాపం అతను రెండుసార్లు వచ్చి విప్పి చూశాడు. ఏమీ కనబడలేదని తల గోక్కుంటున్నాడు. పోనీలే, వాళ్లే మరిచిపోతారు.

నీ రంజని


కోవిల్‌పట్టి,
మార్చి 14

రంజనికి,

నీ స్క్రిప్టు నడిచినందుకు సంతోషం. ఆ సంతోషం ఇక్కడితో ఆపుతున్నాను, నాకు కోపంగా ఉంది.

చేని దగ్గర నేనేం చేశానో నీకు రాయలేదు. ముత్తుప్పేచ్చి నా చెవిలో అంది, "కూలికి ఆశపడి వాళ్లే జనాన్ని ఏసుకొచ్చినారని సెప్పేయమ్మా, నీ పరువు నిలుస్తాది" అని. ఆ మాట అనేస్తే ఎవరూ కాదనలేరు. కానీ ఆ ఆరు మందినే పిలుచుకొచ్చినామె ముఖం చూశాను. తక్కువ తెచ్చానని బాధపడుతోంది ఆమె. ఆ మనిషి మీదికి నా తప్పు నెట్టనా? యాభై ఒక్క మంది ముందూ గట్టు మీద నిలబడి, "నేనే తప్పుగా సెప్తిని, మీరు సరిగ్గానే చేస్తిరి" అన్నాను. సిగ్గుతో చచ్చాను. ఇప్పటికీ వీధిలో పోతుంటే "అమ్మా, ఎనిమిది మంది కావాల్నా?" అని నవ్వుతున్నారు. నవ్వనీ.

నువ్వేం చేశావు? ఒక పిల్ల పొద్దంతా గీసింది పోగొట్టావు. అది చాలక, పాపం అంటూనే ఒక బ్యాటరీ మనిషిని తిట్టించావు. అతను లేని లోపం వెతకడానికి రెండుసార్లు మెట్లెక్కాడు. మూడోసారి ఎక్కుతాడు. నాలుగోసారి సార్ అతన్ని మాన్పించి ఇంకొకర్ని పెట్టుకుంటాడు. అప్పుడు కూడా మరిచిపోతారులే అంటావా?

పోస్టు పోతుందని నీ భయం. నాకు తెలుసు. తొమ్మిదేళ్లు నువ్వెలా ఉన్నావో నేను చూశాను. పోస్టు రావాలని నీకన్నా ఎక్కువ కోరుకునేదాన్ని నేనే. అయినా చెబుతున్నాను, చెప్పు. చెప్పి నాకు రాయి. చెప్పేదాకా రాయకు.

జోతి


విరుదునగర్,
మార్చి 27

వదినా,

చెప్పాను.

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు నీ మీద మండిపడ్డాను. ఊళ్లో కూర్చుని సుఖంగా నీతులు రాస్తుందని ఒంటరిగా తిట్టుకున్నాను. సోమవారం సెల్వరాజ్ మూడోసారి వచ్చాడు. నేలమీద బోర్లా పడుకుని, టార్చి పళ్ల మధ్య పట్టుకుని, బల్ల కింద వైర్లు చూస్తున్నాడు. సార్ పైన నిలబడి "ఎంతసేపయ్యా" అంటున్నారు. ఇక నావల్ల కాలేదు.

"సార్, కరెంటు పోలేదు. నా స్క్రిప్టు వల్ల మెషిన్ బిగుసుకుపోయింది. బటన్ నొక్కి నేనే ఆపాను. కార్తీశ్వరి గీసింది నావల్లే పోయింది" అన్నాను. అరవంలో మొదలుపెట్టి సగంలో తెలుగులోకి వచ్చేశానట, నాకు తెలియనే లేదు. సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని గదిలోకి పోయారు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది. సెల్వరాజ్ లేచి చొక్కా దులుపుకుని, "పరవాలేదు మేడం, ఇప్పుడైనా చెప్పినారు, నేను బ్యాటరీని తిట్టుకుంటా ఉంటిని" అని టూల్స్ సర్దుకున్నాడు. అతని ముఖం చూడలేకపోయాను.

కార్తీశ్వరి వైపు తిరిగి క్షమించమన్నాను. ఆమె బొమ్మ గీయడం ఆపలేదు. "నాకి ఆ పొద్దే తెలుసక్కా" అంది.

మెషిన్ లోపల ఏ నిమిషాన ఏం జరిగిందో అన్నీ రాసుకుంటుందట. జ్ఞాపకం చాలడం లేదని నా స్క్రిప్టును నడిపే ప్రోగ్రాము పేరుతో సహా రాసుకుంది. తర్వాత బటన్ పట్టుకుని ఆపినట్టు కూడా. ఆ సాయంత్రమే ఆమె తెరిచి చదివింది. నాకన్నా ముందు ఆ సంగతి ఆమెకు తెలుసు!

"మరి సార్‌కు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నేను సెప్పితే ఏం లాభమక్కా? మీరు సెప్తారా లేదా అని చూస్తా ఉంటిని. పక్క కుర్చీలో కూర్చునే మనిషి ఎట్లాంటి మనిషో తెలియాల కదా."

ఐదు వారాలు వదినా. ఐదు వారాలు ఆ పిల్ల నాకు రోజూ మధ్యాహ్నం తన డబ్బాలో నుంచి ఊరగాయ పెట్టింది. ఆ ఊరగాయ తింటూ నేను ఆమె పోస్టు లాక్కునే లెక్కలు వేసుకున్నాను.

ఆ రోజు నుంచి ఆ స్క్రిప్టు ఆమెకు నేర్పుతున్నాను. పైనుంచి చదివే వరస, ఆగే వరస, ఎవరి గంప వాళ్లది, అన్నీ. తెలియకుండా ఉంచితే నన్ను ఉంచుకుంటారని మొదట ఒక ఆలోచన ఉండేది, అది కూడా నీకు చెప్పేస్తున్నాను. నేర్పితే రెండు రోజుల్లో పట్టేసింది. నీ యాభై ఒక్క మంది కథ చెప్పాను. నవ్వి నవ్వి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

పోస్టు ఇక వస్తుందన్న ఆశ లేదు. కానీ నిన్న రాత్రి బాగా నిద్రపట్టింది.

రంజని


కోవిల్‌పట్టి,
ఏప్రిల్ 3

రంజనీ,

చదివాను. రెండుసార్లు చదివాను. రెండోసారి మీ అన్నకు పైకి చదివి వినిపించాను, కరెంటు ముక్క దాటేసి. "మా చెల్లి ధైర్యంగల మనిషి" అన్నాడు, ఏ ధైర్యమో తెలియకుండానే.

మిరపకాయలు కళ్లంలో ఎండుతున్నాయి. నీ వాటా ఒక సంచి కట్టి పెట్టాను. బస్సులో పంపనా, వచ్చినప్పుడు తీసుకుపోతావా?

పోస్టు రాకపోతే ఇక్కడికి వచ్చేయ్. ఉద్యోగం ఇప్పిస్తానని కాదు. ఒక వారం ఉండు, నాతో పోట్లాడు, పో.

మీ వదిన


విరుదునగర్,
మే 1

వదినా,

పోస్టు నాకు రాలేదు.

ముందే రాసేశాను, నువ్వు కింద దాకా వెతుక్కోకుండా. సోమవారం సార్ ఇద్దరినీ గదిలోకి పిలిచారు. కార్తీశ్వరికి ఇస్తున్నానన్నారు. కారణం అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆమె చేతికి కాగితం ఇస్తుంటే నేనే ముందు చప్పట్లు కొట్టాను. అబద్ధం కాదు వదినా, సగం సంతోషంగానే కొట్టాను.

లేవబోతుంటే సార్ ఆగమన్నారు. శ్రీవిల్లిపుత్తూరు వైపు మూడు సంఘాల వాళ్లు, ఇక్కడ రెండు రోజుల్లో అయిందని విని, పదకొండు వేల కాగితాలు పంపిస్తామన్నారట. కార్తీశ్వరిని చూసి, "ఇక ఈ పనికి పెద్ద నువ్వే. నీకేం కావాలో అడుగు. మంచి మెషిన్ కావాలా, కుర్చీ మార్చాలా?" అన్నారు.

ఆ పిల్ల ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "మెషిన్ ఇదే చాలు సార్. నాకి రంజని అక్క కావాల" అంది.

సార్ నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. "ఆమె నీ పని పాడుచేసిందని నీకు తెలుసు కదా?" అన్నారు.

"తెలుసు సార్. పాడుచేసినప్పుడు ఆమె సెప్తాదని కూడా తెలుసు. సెప్పేదానికి ఐదు వారాలు పట్టింది, అంతే. ఇంకోసారి తొందరగా సెప్తాది."

సార్ నవ్వలేదు. పైవాళ్లను అడగాలన్నారు. రెండు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. అప్పుడే మా ఆయనకు మొదటి నుంచి అంతా చెప్పేశాను. "ఇన్నాళ్లూ ఒంటరిగా ఎందుకు మోస్తివి మా?" అని పక్కన కూర్చున్నాడు. మానేయ్ అనలేదు.

నిన్న మధ్యాహ్నం కాగితం వచ్చింది. రెండో పోస్టు, నా పేరు మీద. కార్తీశ్వరి కింద, ఆమె చెప్పినట్టు చేయాలి. నాకన్నా పన్నెండేళ్లు చిన్నది. సంతకం పెట్టేశాను.

సంతకమయ్యాక ఆమె నన్ను తన మెషిన్ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, "అక్కా, ఒకే ఒక మాట. ఏ మెషిన్ ఆపాలన్నా ముందు నాకి సెప్పాల" అంది.

"సరే మేడం" అన్నాను.

నీ రంజని